కాలరుకు మరిచిపోయిన మైకు

ఆ వీధిలో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. బట్టలు కుట్టే మనిషి కాదు. ఎవరింట్లో ఏ వేడుక జరిగినా ఆమె మొగుడు కెమెరా పట్టుకెళ్ళి వీడియో తీసుకొస్తాడు, ఆమె స్టూడియోలో కూర్చుని దాన్ని కత్తిరిస్తుంది. మొగుడు వరసకు బావే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ‘ఏమండీ’ అనడం ఆమెకి నోరు తిరగలేదు, బావా అనే పిలుస్తుంది. అతను ఆమెను ‘కత్తెరా’ అంటాడు. ఆ పేరు అతని నోటినుంచే వీధికి పాకింది.

మందుల షాపు పైన రెండు గదులు వాళ్ళ స్టూడియో. ముందుగదిలో వచ్చినవాళ్ళు కూర్చోవడానికి సోఫా, గోడనిండా నవ్వుతున్న జంటల ఫొటోలు. వెనకగది ఆమెది. కిటికీకి నల్లగుడ్డ, బల్లమీద రెండు తెరలు, పక్కన చల్లారిపోయిన టీ గ్లాసు.

వేడుకల్లో జనం చెయ్యని పనంటూ ఉండదు. డాన్సు చేస్తూ చేస్తూ ప్యాంటు చిరిగిన మేనమామ, ఫ్యాను గాలికి విగ్గు ఎగిరిపోయిన పెదనాన్న, స్పూన్లు ఒక్కొక్కటే హ్యాండ్‌బ్యాగులో సర్దుకునే పిన్నిగారు, వియ్యపురాలు అటు తిరగ్గానే మూతి మూడు వంకర్లు తిప్పే ఆడపడుచు, కెమెరా ఆగిందనుకుని బూతుపురాణం విప్పిన బాబాయి. ఇవన్నీ ముందు చేరేది కత్తెరమ్మ దగ్గరికే. వీటికి ఆ ఇంట్లో ఒకటే చట్టం: మనం చూసింది మనం చూడలేదు. ఫైలు చెరిపెయ్యడం, నోరు మూసుకోవడం. అన్నం తినేటప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ కడుపుబ్బ నవ్వుకుంటారు గానీ, ఒక్క ముక్క గడప దాటదు. నోట్లో నువ్వుగింజ నానని జనం మధ్య, వీళ్ళ నోట్లో బండరాయైనా నానుతుందని పేరు. అందుకే పని వెతుక్కుంటూ వచ్చేది.

పెద్ద మాస్టారి యాభై ఏళ్ళ పెళ్ళిరోజు పని కూడా అలాగే వచ్చింది.

ఆయన లెక్కల మాస్టారు. తర్వాత హెడ్మాస్టరై రిటైరయ్యారు. చుట్టుపక్కల సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే, బావతో సహా. “మాస్టారి బెత్తం తగలకపోతే నేనీపాటికి ఏ చెట్టుకిందో పేకాడుతూ ఉండేవాణ్ణి” అని బావ అరచేయి చూపించి మరీ చెప్పుకుంటాడు. వేడుక చేసింది కూతురు. పళ్ళ డాక్టరు, ఆయనకు ఒక్కతే సంతానం. ఆమె క్లినిక్కు స్టూడియోకి పక్కవీధిలోనే.

హాలు కిటకిటలాడింది. పాత విద్యార్థులంతా కలిసి మాస్టారికి నున్నగా పాలిష్ పెట్టిన చేతికర్ర ఒకటి బహూకరించారు. దాన్ని ఏరికోరి తెచ్చింది బావే. మాస్టారు మాట్లాడబోయే ముందు బావ ఆయన కాలరుకి చిన్న మైకు తగిలించి, దాని రికార్డరు జేబులో పెట్టాడు. ఆ తర్వాత కేకు రావడం, కరెంటు పోవడం, రావడం, ఆ హడావిడిలో మైకు సంగతే మరిచిపోయాడు. అందరూ వెళ్ళిపోయాక గాని గుర్తురాలేదు. మాస్టారే స్వయంగా మైకు విప్పి, జాగ్రత్తగా చుట్ట చుట్టి అతని చేతిలో పెట్టారు. “వస్తువుల మీద శ్రద్ధ ఉండాలిరా” అన్నారు నవ్వుతూ.

వారం తిరక్కుండా కత్తెరమ్మ ఆ పని ముందేసుకుంది. మధ్యాహ్నం. కింద మందుల షాపువాడు షట్టరు సగం దించి భోజనానికి వెళ్ళాడు. బావ ముందుగదిలో లెన్సులు తుడుచుకుంటున్నాడు.

మాస్టారి ఉపన్యాసం ఎక్కడా కత్తిరించాల్సిన పని లేకుండా వచ్చింది. మెత్తటి గొంతు, తూచినట్టు మాటలు. “ఈ యాభై ఏళ్ళలో మా ఇంట్లో ఒక్కసారైనా గొంతు పెరగలేదు. అది మా ఇద్దరి గొప్ప” అన్నారు. చప్పట్లు. తర్వాత అందరూ కలిసి ఆయన భార్యను బలవంతంగా లేపి హాలులోని మైకు చేతికిచ్చారు. సన్నటి మనిషి, ముందు రానన్నారు, తర్వాత ఏమనుకున్నారో ఏమో, “ఊరందరికీ లెక్కలు నేర్పారు గానీ, గోడగడియారంలో సెల్లు ఏవైపు పెట్టాలో ఇప్పటికీ నన్నే అడుగుతారు” అన్నారు. హాలంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది మాస్టారే. ఆ నవ్వు మీద కెమెరా చాలాసేపు నిలిచింది. బాగుంది, ఉంచుదాం అనుకుంది కత్తెరమ్మ.

ఆ తర్వాతది కేకు. అమ్మగారు ఎడమచేత్తో కత్తి పట్టుకున్నారు. కుడిచేతికి రుమాలు చుట్టి ఉంది. మైకు పట్టుకున్నప్పుడు ఆ రుమాలు లేదు. ‘ఎక్కడైనా కాలిందేమో’ అనుకుంది. రుమాలు కనపడకుండా ఎక్కడ కత్తిరించాలా అని చూస్తుంటే, కేకు దగ్గర కెమెరాలో పడ్డ శబ్దం గరగరమంటోంది. మాస్టారి కాలరు మైకులో శుభ్రంగా పడి ఉంటుందని ఆ ఫైలు తెరిచింది. ఉపన్యాసం నుంచి కేకు వరకు మధ్యలో ఏమీ ఉండదులే అని స్పీకరులో దాన్ని దాని మానాన వదిలేసి, టీ గ్లాసు కడగడానికి లేచింది.

అడుగుల చప్పుడు. హాలులోని గోల దూరమైంది. తలుపు గడియ పడింది.

“ఏమన్నావ్ అక్కడ?” మాస్టారి గొంతు. అదే మెత్తటి గొంతు.

“ఏదో... అందరూ నవ్వుతారని.”

“నవ్వారు. నన్ను చూసి నవ్వారు. చెయ్యి చాపు.”

“ఎడమ చేతి మీద కొట్టండి. కేకు కొయ్యాలి కదా.”

“మైకు పట్టుకున్న చెయ్యి. లెక్క నువ్వే చెప్పు.”

సన్నగా గాలి కోసుకుపోయిన చప్పుడు. తర్వాత కర్ర ఎముకకి తగిలిన చప్పుడు.

“ఒకటి” అంది అమ్మగారి గొంతు.

కత్తెరమ్మ చేతిలో గ్లాసు జారి సింకులో పడింది. పగిలిందో లేదో ఆమె చూడలేదు. బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చింది గానీ, ఆపడానికి చెయ్యి రాలేదు. “రెండు... మూడు...” ఏడుపు లేదు, బతిమాలడం లేదు. బళ్ళో అప్పజెప్పినట్టు స్పష్టంగా ఒక్కో అంకె. నాలుగు దగ్గర గొంతు తడబడి, నాలుగూ ఐదూ కలిసిపోయి వచ్చాయి.

“తొందరపడకు. మళ్ళీ మొదటినుంచి” అన్నారు మాస్టారు.

మళ్ళీ ఒకటి. అప్పుడు గాని ఆమె ఫైలు ఆపలేదు. వెనక్కి తిరిగేసరికి బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో లెన్సు, దాన్ని తుడిచే పసుపు గుడ్డ.

“ఎవరిదది?” అన్నాడు.

“విన్నావుగా.”

“కాదు. అది... ఏదో సరదాకి... ఏ నాటకంలోదో అయ్యుంటుంది.”

ఆమె మిగిలింది వినిపించింది. చివర్లో మాస్టారు అన్న మాట వినపడింది: “కర్ర బాగుంది. చేతికి బాగా అమరింది. మొహం కడుక్కుని రా, అమ్మాయి ఎదురుచూస్తోంది.”

బావ నేల మీదే కూలబడిపోయాడు. “ఆ కర్ర నేను తెచ్చాను” అన్నాడు. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నాడు. “పది షాపులు తిరిగి నేనే తెచ్చానే.”

ఆ రోజు ఇంక పని సాగలేదు. అన్నం ముందు కూర్చున్నారు గాని ఇద్దరికీ ముద్ద దిగలేదు. చివరికి బావే నోరు విప్పాడు. “చెరిపెయ్ కత్తెరా. మనం చూసింది మనం చూడలేదు. ఇన్నాళ్ళూ అదేగా మన మాట.”

“ప్యాంటు చిరిగితే చెరిపేస్తాం బావా. ఆవిడ వేళ్ళు చితికితే కూడానా?”

“అయితే ఏం చేస్తావ్? కేకుకి ముందు అతికించి హాల్లో వేస్తావా? డాక్టరమ్మకి చెప్తావా? ఆమె వెళ్ళి వాళ్ళ నాన్నని నిలదీస్తుంది. సాయంత్రానికి ఆమె తన ఇంటికి పోతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో మిగిలేదెవరు?”

ఆ మాట నిజమే. కత్తెరమ్మ కంచం పక్కకి జరిపి, “ఆవిడకి చెప్తాను. ఆవిడకొక్కదానికే. తర్వాత ఆవిడ ఏమంటే అది” అంది.

మాస్టారింటికి ఫోను చేస్తే ఎత్తింది మాస్టారే. కత్తెరమ్మ పని మాట ఎత్తింది. “వీడియోలో పెట్టమని ఇచ్చిన పాత ఫొటోల్లో ఎవరెవరున్నారో తెలియట్లేదు మాస్టారూ. అమ్మగారు ఒక్కసారి వచ్చి చెబితే...”

“దానిదేముందమ్మా, ఇద్దరం వస్తాం. ఆవిడకి ఒంటరిగా తిరగడం అలవాటు లేదు” అన్నారు ఆయన.

మర్నాడు పదకొండు గంటలప్పుడు మెట్ల మీద కర్ర చప్పుడు వినపడింది. టక్. టక్. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మాస్టారు ఎప్పటిలాగే వచ్చారు. “ఏరా, ఒళ్ళొచ్చినట్టుందే! మీ అమ్మ మోకాలు ఎలా ఉంది? ఆ ఆకుపచ్చ మందు రాస్తోందా?” అని అడిగి సోఫాలో కూర్చున్నారు. బావ తల్లి మోకాలి సంగతి బావకే గుర్తులేదు, ఆయనకి గుర్తుంది. కర్ర సోఫాకి ఆనించారు. అమ్మగారు గుమ్మంలోనే నిలబడ్డారు. కుడిచేయి హ్యాండ్‌బ్యాగు వెనక దాచుకున్నారు.

“రండి అమ్మగారూ, లోపలికి” అంది కత్తెరమ్మ. ఆవిడ మాస్టారి వైపు చూశారు. ఆయన తల ఊపాక కదిలారు. కత్తెరమ్మ వెనకగది తలుపు వేస్తుంటే, “తలుపెందుకమ్మా?” అన్నారు మాస్టారు.

“వీధిలో శబ్దం మాస్టారూ, పని సాగదు” అంది. అబద్ధం ఇంత సులువుగా వస్తుందని ఆమెకి అప్పటిదాకా తెలీదు.

అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద పీట మీద కూర్చుంది. “అమ్మగారూ, ఫొటోలకోసం పిలవలేదు. ఆరోజు మాస్టారి కాలరుకున్న మైకు తియ్యడం మావాడు మరిచిపోయాడు. పక్కగదిలోవి కూడా పడ్డాయి.”

పెద్దావిడ కదల్లేదు. కళ్ళు మాత్రం తలుపు వైపు వెళ్ళి వచ్చాయి. “తలుపు సందులో పడిందమ్మా చెయ్యి” అన్నారు. ఎవరూ అడక్కుండానే అన్నారు. అని, తనేం అన్నారో తనకే వినపడినట్టు ఆగిపోయారు. “ఎవరెవరు విన్నారు?”

“నేను. మా బావ.”

“ఆ అబ్బాయి కూడానా” అని తల దించుకున్నారు. తల ఎత్తకుండానే, “నాకు వినిపించు” అన్నారు.

కత్తెరమ్మ హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకి పెట్టింది. ముందుగదిలోంచి మాస్టారి నవ్వు వినపడుతోంది. ఏదో పాత క్లాసు కబురు చెబుతున్నారు. పెద్దావిడ తెర మీద ఎగిరిపడుతున్న పచ్చగీతల్నే చూస్తూ విన్నారు. దెబ్బ పడ్డప్పుడల్లా గీత పైకి లేస్తోంది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఇది నేనేనా? నా గొంతు ఇలా ఉంటుందా?”

“అవునమ్మా.”

“ఎంత బుద్ధిగా లెక్కపెడుతున్నానో చూడు” అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో కనిపించినంత నివ్వెరపాటు కత్తెరమ్మ ఏ మొహంలోనూ చూడలేదు. దెబ్బలు ఆవిడకి కొత్త కాదు. బయటినుంచి వినడం కొత్త.

“చెరిపెయ్యమంటే మీ ఎదురుగానే చెరిపేస్తాను. ఇమ్మంటే ఇస్తాను. మీరు చెప్పకుండా ఏదీ చెయ్యను.”

“చెరిపెయ్” అన్నారు వెంటనే. కత్తెరమ్మ మౌసు మీద చెయ్యి వేసింది. “ఆగు” అన్నారు. బయట మాస్టారి కబురుకి బావ నవ్వబోయి దగ్గడం వినపడింది. “ఇది వింటే మా అమ్మాయి నమ్ముతుందా?”

“ఆమెకి తెలీదా?”

“తెలియనివ్వలేదు. అది పుట్టిన ఏడే అన్నారు, నువ్వు నోరెత్తితే దానికి పడతాయని. నేనెత్తలేదు. ఆయన కూడా మాట తప్పలేదమ్మా. దాని ఒంటి మీద ఒక్క దెబ్బ పడలేదు. ఎంత కోపమొచ్చినా నా దగ్గరే తీర్చుకున్నారు.” ఆ మాటలో కాస్త గర్వం లాంటిది కూడా ఉంది. “దాన్ని పిలుస్తావా? నాకు ధైర్యం ఉండగానే పిలువు.”

డాక్టరమ్మ అయిదు నిమిషాల్లో వచ్చింది. తెల్లకోటు కూడా విప్పలేదు, మనిషి చుట్టూ లవంగ నూనె వాసన. “నువ్వెందుకొచ్చావు?” అని తండ్రి అడగడం, “ఫొటోలకే నాన్నా, నన్నూ చూడమన్నారు” అని ఆమె అనడం తలుపు వెనక వినపడ్డాయి. లోపలికి వచ్చి తల్లి మొహం చూసి, “ఏమైందమ్మా?” అంది. తల్లి కుర్చీలోంచి లేచి కూతుర్ని కూర్చోబెట్టారు. కుడిచేతి రుమాలు విప్పారు. వేళ్ళ కణుపులు నల్లగా, మూడింతలు వాచి ఉన్నాయి. కత్తెరమ్మ ఈసారి స్పీకరు సౌండు బాగా తగ్గించి ఫైలు పెట్టింది, ముగ్గురికీ మాత్రం వినపడేలా.

డాక్టరమ్మ అరుస్తుందనుకుంది కత్తెరమ్మ. లేకపోతే ఏడుస్తుందనుకుంది. కాదు, మా నాన్న అలాంటివాడు కాదు అంటుందని కూడా అనుకుంది. దానికి ఏం చెప్పాలో మనసులో సిద్ధం చేసుకుంది. ఆమె ఏదీ చెయ్యలేదు. మొదటి అంకెకే కుడిచేతిని ఎడమ చంక కింద దాచుకుని, ముందుకి వంగి కూర్చుంది. ఒకటి. రెండు. మూడు. నాలుగూ ఐదూ కలిసిపోయాయి.

స్పీకరులో ఇంకా మాట రాలేదు. డాక్టరమ్మ పెదవులు కదిలాయి.

“తొందరపడకు. మళ్ళీ మొదటినుంచి” అంది.

ఆమె తర్వాత, ఆమె వెనకే, మాస్టారి గొంతు అదే మాట అంది.

పెద్దావిడ బల్ల అంచు పట్టుకున్నారు. “ఆ మాట నీకెలా తెలుసు?”

డాక్టరమ్మ తల్లి వైపు తిరగలేదు. తెరనే చూస్తోంది. “నువ్వు అమ్మమ్మని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా. ఎక్కాలు నేర్చుకునే రోజులనుంచి.”

“నిన్నా?”

“చదువుకి హాస్టలుకి వెళ్ళిపోయేదాకా. నేను నోరెత్తితే నీకు పడతాయన్నారు. మూసుకుంటే నీ జోలికి రానన్నారు.” అప్పుడు తిరిగింది తల్లి వైపు. “నేను మూసుకున్నాను కాబట్టే నువ్వు సుఖంగా ఉన్నావనుకున్నానమ్మా. యాభై ఏళ్ళూ. అందుకే, అందుకే ఇంత...” అని హాలు, కేకు, పూలు, పిలిచిన జనం అన్నిటినీ చేత్తో చూపించబోయినట్టు గాల్లో చెయ్యి ఊపి, ఆ చేత్తోనే నోరు మూసుకుంది.

పెద్దావిడ నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది మాట కాదు, ఏడుపూ కాదు. పట్టుకున్న బరువు ఒక్కసారి జారిపోతే మనిషి నోట్లోంచి వచ్చేలాంటిది. “ఒక్క దెబ్బ పడలేదనుకున్నానే” అన్నారు. “దానికోసమేగా నేను... ఒక్కటీ పడలేదనుకున్నానే.”

ముందుగదిలో కబుర్లు ఆగిపోయాయి.

“అయిందా?” అన్నారు మాస్టారు బయటినుంచి. “పదండి, ఎండెక్కుతోంది.”

ముగ్గురూ బయటికి వచ్చారు. డాక్టరమ్మ తల్లి భుజం పట్టుకుని ఉంది. “అమ్మ నాతో వస్తుంది” అంది. ఆ ఒక్క మాటకే దవడ బిగుసుకుపోయింది. రోజంతా ఇంకొకళ్ళ నోళ్ళు తెరిపించే మనిషికి తన నోరు తెరవడం రాలేదు.

“ఎందుకు?” అన్నారు మాస్టారు. కోపం లేదు. ఒక కుర్రాడు తప్పు జవాబు చెబితే, ఎలా వచ్చిందో చెప్పు అన్నట్టు అడిగారు.

జవాబు చెప్పింది పెద్దావిడ. “మైకు మీ కాలరుకే ఉండిపోయిందట.”

ఆయన చెయ్యి కాలరు మీదికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. అయినా వేళ్ళు తడిమాయి. ఒక్క క్షణం ఆయన మొహం ఖాళీగా, ముసలిగా కనిపించింది. మరుక్షణం సర్దుకున్నారు. “ఒరేయ్” అన్నారు బావ వైపు తిరిగి, “దాన్ని చెరిపెయ్యి.”

బావ దిగ్గున లేచి నిలబడ్డాడు. తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు, కాళ్ళు వాటంతటవే లేచాయని, చేతులు వాటంతటవే కట్టుకున్నాయని. అలా చేతులు కట్టుకుని నిలబడే, “చెరపను మాస్టారూ” అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిలా కీచుమంది.

“ఇది ఇంటి విషయం.”

ఆయన భార్య వైపు చూశారు, కూతురి వైపు చూశారు. ఎవరో ఒకరు కదులుతారని ఆగినట్టు కొంచెంసేపు ఆగారు. తర్వాత కర్ర అందుకున్నారు. కత్తెరమ్మ తనకి తెలీకుండానే పెద్దావిడకి అడ్డంగా జరిగింది. ఆయన ఆ కదలిక చూశారు. చూసి, మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయారు. కింద మందుల షాపువాడు “నమస్కారం మాస్టారూ” అనడం, ఆయన “బాగున్నావా నాయనా” అనడం పైకి వినపడ్డాయి.

పెద్దావిడ ఆ ఫైలు అడిగి తీసుకున్నారు. కూతురు చెయ్యి చాపితే, “నా చేతికివ్వు” అన్నారు. చిన్న పెన్‌డ్రైవు. ఎడమ గుప్పిట్లో పెట్టుకున్నారు. స్టూడియోలో ఉన్నది ఆవిడ చూస్తుండగానే కత్తెరమ్మ చెరిపేసింది. అలా చెరపడం ఆమెకి రోజూ చేసే పనే, ఆరోజు మాత్రం చెరిగిందో లేదో రెండుసార్లు చూసుకుంది.

చేతికి ఎక్స్‌రే తీయిస్తే రెండు ఎముకలు చిట్లాయన్నారు. దానికంటే డాక్టరమ్మని కుదిపేసింది అదే ఫిల్ములో కనిపించిన పాత అతుకులు. ఎప్పుడో విరిగి, ఎవరికీ చెప్పకుండా వాటంతటవే అతుక్కున్నవి. ఎన్నో లెక్కపెట్టబోయి మానేశానని ఆమె తర్వాత కత్తెరమ్మతో అంది.

పెద్దావిడ కూతురి దగ్గరే ఉండిపోయారు. బంధువులు ఊరుకోలేదు. యాభై ఏళ్ళు కాపురం చేసి ఇప్పుడు ఇదేం పోయేకాలమని ఒకరు, కూతురే తల్లికి ఎక్కిస్తోందని ఒకరు. రాజీ చెయ్యడానికి మాస్టారి తమ్ముడు వచ్చాడు. పెద్దావిడ ఒక్క మాట మాట్లాడకుండా ఫైలు పెట్టించారు. మూడో అంకె వచ్చేసరికి అతను లేచి, చెప్పులు ఒకటి వేసుకుని ఒకటి చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. బయట ఎవరికీ చెప్పలేదు కూడా. కేసు పెడదామని కూతురు అంటోంది. తల్లి ఇంకా అవుననలేదు, కాదనలేదు.

వీడియో ఏదని మాత్రం అందరూ అడిగారు. బావ తల వంచుకుని, కెమెరా కార్డు పాడైపోయింది, తప్పు నాదే అన్నాడు. దేవుడిలాంటి మనిషి పండగని మట్టిలో కలిపాడని పాత విద్యార్థులు తిట్టారు. రెండు మూడు పనులు చేజారిపోయాయి. “పోనీ బావా” అంది కత్తెరమ్మ. అతను సరేనన్నాడు గాని, అన్నం దగ్గర జోకులు వెయ్యడం మానేశాడు.

నెల తర్వాత ఒకరోజు బావ బజారునుంచి వట్టిచేతులతో వచ్చాడు. సంచి ఎక్కడో మరిచిపోయాడు. వచ్చి వెనకగది గుమ్మంలో నిలబడ్డాడు.

“మాస్టారు ఎదురయ్యారే.”

కత్తెరమ్మ పని ఆపింది. “ఏమన్నారు?”

“నమస్కారం పెట్టబోయాను. చెయ్యి సగం లేచి ఆగిపోయింది. దించుకోనూ లేను, జోడించనూ లేను. నడిరోడ్డు మీద అలాగే నిలబడ్డాను.” అతను ఆ చేతిని అలాగే పట్టుకుని చూపించాడు. “ఆయన నవ్వారు. మీ అమ్మ మోకాలు ఎలా ఉందిరా అని అడిగారు. ఆ మందు మానొద్దని చెప్పమన్నారు. చుట్టూ ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు, ఆయన సంచులు మోస్తూ.”

“తర్వాత?”

“తర్వాత ఏముంది. మామూలుగానే ఉన్నారు కత్తెరా” అన్నాడు, ఇంకా నమ్మలేనట్టు. “పూర్తిగా మామూలుగానే ఉన్నారు.”